పన్నెండో రోజు

మా ఇంటి గొడవంతా ఒక మట్టికుండ దగ్గర మొదలైంది. 1983 వేసవి అది. ఏక్‌బాల్‌పూర్ బస్తీలో మా తెలుగువాళ్ళ ఇళ్ళు నలభై దాకా ఉండేవి. అందరివీ శ్రీకాకుళం జిల్లాలో ఆ నాలుగైదు ఊళ్ళే, అందరి పనీ ఓడరేవు డాకులోనే. ఏటా వైశాఖంలో బంగారమ్మకి సంబరం చేసేవాళ్ళం. మా తాత ఊళ్ళో అమ్మవారి గుడి ముందు మట్టిని పంచె చెంగున మూటకట్టుకుని హౌరాలో రైలు దిగాడట. అందుకని సంబరంనాడు మొదటి ఘటం మా ఇంటిది. మా ఇంటి పెద్దకోడలు ఆ కుండ నెత్తిన పెట్టుకుని ముందు నడవాలి, తక్కిన ఆడవాళ్ళు తమ ఘటాలతో వెనక నడవాలి. పెద్దకోడలు బతికుండగా ఇంకొకరు దాన్ని ముట్టుకోకూడదు. మా అమ్మ పోయాక పదకొండేళ్ళు నా భార్య సన్యాసమ్మే మోసింది.

ఆ ఏడు మొయ్యనంది.

గొంతు పెంచి అనడం కూడా కాదు. నేను డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే చెంబుతో నీళ్ళు పోస్తూ చెప్పింది.

"మావా, ఈ యేడు ఘటం నానెత్తను."

"ఏటి, ఒంట్లో బాగోనేదా?"

"ఒల్లు బాగానే ఉన్నాది. బాప్తిస్మం తీసుకున్నాను కదా. ఇంక ఎత్తకూడదు."

నాకు నవ్వొచ్చింది. రెండేళ్ళ కిందట మా రెండో బిడ్డ కడుపులోనే పోయినప్పుడు ఆసుపత్రిలో జ్ఞానప్రసూన అని ఒక తెలుగు నర్సు, పలాస వైపు మనిషి, ఈవిడ మంచం పక్కన కూర్చుని ఓదార్చింది. అప్పట్నుంచి ఈవిడ ఆదివారం వస్తే భవానీపూర్‌లో తెలుగువాళ్ళ ప్రార్థనకి వెళ్ళేది. అక్కడి పాస్టరు పేరు జానకిరామ్. పేరేమో రాముడిది, పనేమో ఏసుది అని నేను వేళాకోళం చేసేవాణ్ణి. అంతకుమించి పట్టించుకున్నది లేదు. ఈస్టరునాడు తడిజుట్టుతో ఇంటికొస్తే, భవానీపూర్‌లో వాన పడిందా అని కూడా అడిగాను. నేనంత తెలివైనవాణ్ణి.

"కుండే కదే," అన్నాను. "నెత్తిమీద ఎట్టుకో, లోపల మీ ఏసునే తల్సుకో. పైకి ఎవులికి తెలస్తాది?"

"నాకు తెలస్తాది కదా మావా," అంది.

మర్నాడు గోవిందరాజు వచ్చాడు. డాకులో మా గ్యాంగుకి సర్దారు ఆయన. బస్తీలో సంబరానికీ పెద్ద ఆయనే. అరవై ఏళ్ళ మనిషి, ఎవరినీ ఒక్క మాట తిట్టగా నేను వినలేదు. మంచం మీద కూర్చుని, టీ గ్లాసు చేత్తో పట్టుకుని, తలుపు చాటున నిలబడిన సన్యాసమ్మతో చాలా మర్యాదగా మాట్లాడాడు.

"అమ్మా, అమ్మోరికి నీమీద కోపం ఉండదు గాని బస్తీకి భయం ఉంటాది. నిరుడు డెంగీకి ఇద్దరు గుంటలు పోనారు. మొదటి ఘటం లేవకపోతే రేపు ఏటయినా నీ మీదికే వొస్తాది. నా మాట ఇను."

"బాబూ, మరే పని సెప్పినా సేస్తాను," అంది సన్యాసమ్మ. "సంబరం వొంటకి రమ్మంటే వొస్తాను. అంట్లు తోమమంటే తోముతాను. అమ్మోరి మీద నాకు కోపం నేదు. ఒకలికే మొక్కుతానని మాటిచ్చీసేను. మాట తప్పలేను."

ఆయన టీ సగంలో వదిలేసి లేచాడు. గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ నా భుజం తట్టాడు. నాకు ధైర్యంగానే అనిపించింది.

మా డాకులో బస్తాని ఎవడూ తనంతట తాను ఎత్తుకోడు. ఓడలోంచి వలలో దిగిన బస్తాని ఇద్దరు చెరో పక్కా పట్టి లేపుతారు, మూడోవాడు నడుం వంచి వీపు ఇస్తాడు, షెడ్డులోకి మోసుకెళ్తాడు. పద్నాలుగేళ్ళుగా నా వీపు మీదికి బస్తా ఎక్కించింది గవరయ్య, వాడి తమ్ముడు. గవరయ్యా నేనూ వరసకి బావాబావమరుదులం, ఒకే బీడీ పంచుకునేవాళ్ళం. ఆ వేళ యూరియా ఓడ. నా వంతు వచ్చింది. వీపు వంచి నిలబడ్డాను. బస్తా ఎక్కలేదు.

"ఏరా, నిద్రోతన్నావా?" అన్నాను వంగే.

తలతిప్పి చూస్తే గవరయ్య నేలచూపులు చూస్తున్నాడు. "నన్నడక్కు బావా," అన్నాడు నెమ్మదిగా. నా వెనక వంతువాడు నన్ను దాటుకుని ముందుకెళ్ళి వీపు వంచాడు. వాడికి ఎక్కించారు. ఆ తర్వాతివాడికీ ఎక్కించారు. నేను వంగినవాణ్ణి వంగినట్టే ఉన్నాను. లేస్తే ఏం చెయ్యాలో తెలియక కాసేపు అలాగే ఉన్నాను.

పంతం వచ్చి నేనే ఒక బస్తాని మోకాలి మీదికి లాక్కుని వీపున వేసుకోబోయాను. నాలుగడుగులకి బోర్లా పడ్డాను. బస్తా పగిలి యూరియా నేలంతా పోసింది. షెడ్డు బాబు బెంగాలీలో నానా తిట్లూ తిట్టాడు. గోవిందరాజు దూరంగా నిలబడి ఇటు చూడనే లేదు. ఆయన కూడా తిట్టి ఉంటే ఆ రోజు నాకు కొంచెం హాయిగా ఉండేది.

అయిదు రోజులు అలాగే నడిచింది. హాజరు వేయించుకోవడం, ఎండలో ఊరికే నిలబడడం, ఇంటికి రావడం. ఇంటి దగ్గర కుళాయి కాడ ఆడవాళ్ళదీ అదే తీరు. నిండు బిందె తలకెత్తుకోవాలంటే ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. సన్యాసమ్మ బిందె నింపుకుని, ఎవరైనా చెయ్యి వేస్తారేమోనని ఒక్క నిమిషం చూసి, సగం నీళ్ళు వంచేసి చంకనెత్తుకుని వచ్చేది. మూడుసార్లు తేవలసిన నీళ్ళకి ఆరుసార్లు తిరిగేది. నా తమ్ముడి భార్య అమ్మన్నమ్మ పక్క గదిలోనే ఉంటుంది, ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర పెరిగినంత చనువు. ఆవిడ కూడా చూపు తిప్పుకునేది. తిప్పుకుని లోపలికొచ్చి ఏడ్చేది.

ఆరో రోజు నేను ఇంటికొచ్చేసరికి సన్యాసమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ ఏదో ప్రార్థన పాట సన్నగా పాడుకుంటోంది. మా అమ్మాయి అప్పలకొండ, ఆరేళ్ళది, కొండా అని పిలిచేవాళ్ళం, అది కూడా పక్కన కూర్చుని వంత పాడుతోంది. నాకు ఒళ్ళు మండింది. చేట ఒక్క తన్ను తన్నాను. చెంప మీద కొట్టాను. పదమూడేళ్ళ కాపురంలో అదే మొదటిసారి.

ఆవిడ ఏడవలేదు. నేలమీద చెల్లాచెదురైన బియ్యం చేత్తో దగ్గరికి తీసింది. తీస్తూ, "పాస్టరుగారు ముందే సెప్పేరు," అంది. "ఏసు పేరు సెప్పుకున్నోలికి ముందు ఇంట్లోనే దెబ్బలు తగుల్తాయని. మా మావ అలాటోడు కాడని సెప్పేను నాను."

ఆ మాటకి నాకు సిగ్గు వెయ్యాలి. కోపమే వచ్చింది. ఆ కోపంతోనే మర్నాడు ఆదివారం భవానీపూర్ వెళ్ళాను. మెట్రో కోసమని రోడ్డు మధ్యన తాటిచెట్టు లోతున గొయ్యి తవ్వి ఉంచారు, చెక్కల మీద నుంచి దాటి వెళ్ళాలి. ప్రార్థన అయ్యాక జనం దిగిపోయేదాకా మెట్ల కింద నిలబడి జానకిరామ్ పాస్టరుని పట్టుకున్నాను. బక్కపల్చటి మనిషి, మాసిన తెల్లచొక్కా. నేను అనుకున్న మాయగాడిలా లేడు.

"మీ దేముడికి ఒక్కరోజు ఓపిక పట్టడం రాదేటండీ?" అన్నాను. "ఒక్క పూట కుండ మోస్తే కూలిపోతాడా?"

"ఆయనకి చాలా ఓపిక ఉంది బైరాగిగారూ," అన్నాడాయన. "మొయ్యమనీ మానమనీ నేను చెప్పలేదు. సన్యాసమ్మగారికి రెండు మాటలు ఆడడం రాదు, అంతే. నన్నూ మా అన్నదమ్ములు ఇలాగే ఊళ్ళోంచి పంపేశారు. అది ఎంత కష్టమో తెలిసినవాణ్ణి కనక ఏ సలహా ఇవ్వడానికీ నోరు రాదు. మరీ ఇబ్బందైతే జ్ఞానప్రసూన ఇంట్లో ఓ గది ఖాళీగా ఉంది. ముగ్గురూ వచ్చి ఉండండి."

"ముగ్గురం వొస్తాం. నా గ్యాంగుని కూడా మీరు తెస్తారా?" అని విసురుగా వచ్చేశాను.

ఇంకో తలుపు కూడా తట్టాను. మా యూనియన్ ఆఫీసులో మంటూదా అని ఒక బెంగాలీ బాబు ఉండేవాడు. కూలీల హక్కుల మీద గంటలకొద్దీ మాట్లాడేవాడు, నేను చప్పట్లు కొట్టేవాణ్ణి. విషయం చెబితే పేపరు మడిచి పెట్టి శ్రద్ధగా విన్నాడు. కులం, మతం ఇవన్నీ పాతకాలపు రోగాలని, నా భార్యది పూర్తిగా వ్యక్తిగత స్వేచ్ఛ అని అన్నాడు. మరి సర్దారుకి ఒక మాట చెప్పండి దాదా అంటే, అది మీ తెలుగువాళ్ళ లోపలి వ్యవహారం, యూనియన్ వేలు పెట్టకూడదన్నాడు. గోవిందరాజు చెయ్యెత్తితే డాకులో రెండొందల చేతులు లేస్తాయని మంటూదాకి తెలుసు. నాకూ తెలుసు.

సంబరం ఇక పదకొండు రోజులుందనగా గోవిందరాజు నన్ను పిలిపించాడు. గవరయ్యతో పాటు ఇంకో ఇద్దరు పెద్దలున్నారు. ఆయన చాలా ప్రేమగా మాట్లాడాడు.

"నీకు అన్యాయం సెయ్యాలని మాకెవులికీ నేదు బైరాగీ. మొదటి ఘటం లేవాల. పెద్దకోడలు ఉండగా సిన్నకోడలు ముట్టకూడదు. అంచేత పెద్దకోడలు నేదనిపిస్తే సరి."

"అంటే?"

"నీల్లొదిలీ. దినం సేసీ. పదకొండో రోజు మైల ఎల్లిపోతాది. అదే సాయంత్రం అమ్మన్నమ్మ ఘటం ఎత్తుతాది. అమ్మోరికి లెక్క సరిపోతాది, నీ పని నీకుంటాది."

"మరి సన్యాసమ్మ?"

"ఈ పన్నెండు రోజులూ కనబడకుండా ఉంటే సాలు," అన్నాడు పెద్దల్లో ఒకాయన. గోవిందరాజు ఆ మాటకి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. నేను దాన్ని అవుననే విన్నాను. తర్వాత చాలా ఏళ్ళు ఆ క్షణం గురించి ఆలోచించాను. నాకు అలా వినాలని ఉంది, విన్నాను.

ఇంటికొచ్చి సన్యాసమ్మతో సగం చెప్పాను. సంబరం అయ్యేదాకా జ్ఞానప్రసూన ఇంట్లో ఉండు, నువ్వు ఊళ్ళో లేవని అమ్మన్నమ్మ ఘటం ఎత్తుతుంది, గొడవ తీరిపోతుందన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"ఒప్పుకున్నారేటి? గోవిందరాజుబాబు ఒప్పుకున్నారేటి?"

"ఒప్పుకున్నారు."

"నాను రోజూ ఆయన కోసం కూడా ప్రార్థన సేసేను మావా," అంది.

నాలుగు చీరలు సంచిలో పెట్టుకుంది. బస్సెక్కేటప్పుడు కొండకి ముద్దుపెట్టి, "ఎన్ని రోజులు?" అని నన్నడిగింది. "పదకొండు. పన్నెండో రోజు పొద్దున్న నానే వొచ్చి తీసుకొస్తాను," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను.

మర్నాడు గంగ ఒడ్డున మా కులానికి చావు కర్మలు చేయించే జంగమయ్య దర్భగడ్డితో మనిషి బొమ్మ కట్టాడు. పేరడిగితే చెప్పాను. ఏ రోగంతో పోయిందని అడిగాడు, అలవాటు ప్రకారం. పక్కనున్నవాళ్ళు గంగ వైపు చూశారు. ఆయనకి ఏదో అర్థమై తల దించుకుని మంత్రం మొదలుపెట్టాడు. నా తలా మీసమూ గీయించారు. నువ్వులు కలిపిన నీళ్ళు దోసిట్లోంచి మూడుసార్లు వదిలాను. ఈ టైముకి సన్యాసమ్మ భవానీపూర్‌లో ఎసరు పెట్టి ఉంటుందని ఆలోచన వచ్చింది. వేషం కడుతున్నాం, అంతేగా అని నాకు నేనే చెప్పుకున్నాను.

గట్టెక్కాక గోవిందరాజు అన్నాడు: "గుంటకి కూడా సెప్పు. నేకపోతే అది అందరి దగ్గరా మాయమ్మ భవానీపూర్‌లో ఉన్నాదని వాగుతాది. ఇదంతా ఆటయిపోతాది."

చెప్పాను. నేనే చెప్పాను, అమ్మన్నమ్మ చెప్పనంటే. మీ అమ్మ చచ్చిపోయింది కొండా, అన్నాను. అది రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు జ్వరం వచ్చింది, చెవిపోటని మూలిగింది. పదకొండు రోజులే కదా, ఆ తర్వాత తల్లిని చూస్తే అన్నీ మర్చిపోతుంది అనుకుని దాని పక్కన పడుకున్నాను.

పదకొండో రోజు దినం భోజనాలు పెట్టాం. అందరూ తిన్నారు. సాయంత్రం డప్పులు మోగాయి, అమ్మన్నమ్మ కుండ నెత్తికెత్తుకుంది. ఘటం లేచింది. గవరయ్య నన్ను కావలించుకుని, "బతికించేవు బావా," అన్నాడు. ఎవర్ని బతికించానని అడగలేదు. రెండు గ్లాసులు తాగి నేనూ డప్పు వెనక నడిచాను.

పన్నెండో రోజు పొద్దున్న చొక్కా వేసుకుని గోవిందరాజు దగ్గరికి వెళ్ళాను. సన్యాసమ్మని తీసుకొస్తానని చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"నీల్లొదిలీసినోల్ని ఎవులు తెస్తార్రా? నిన్న నీ ఇంట్లో అందరం దినం కూడు తిన్నాం. ఇప్పుడా మనిషి గుమ్మంలోకి వొస్తే మేం తిన్నదేటి? అమ్మోరికి సెప్పిందేటి?"

"పన్నెండు రోజులన్నారు కదా మావయ్యా."

"నాను అన్నానేటి?"

ఆయన అనలేదు. ఇంటికి తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాను. భవానీపూర్ వెళ్ళలేదు. వెళ్ళి ఏం చెప్పను? మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాను. మగవాళ్ళు చాలామంది ఇంటిపట్టునే ఉన్నారు, సంబరం మర్నాడు కదా, పేకాడుకుంటున్నారు. ఆడవాళ్ళు కుళాయి దగ్గరున్నారు. మూడింటికి సన్యాసమ్మ తనే వచ్చింది. చేతిలో సంచీ, ఇంకో చేతిలో కొండ కోసం కొన్న బన్నుల పొట్లం.

వాకిట్లో మాటలు ఆగిపోయాయి. ఒక్కొక్కళ్ళే మొహాలు తిప్పుకున్నారు. పేక పంచేవాడు పంచుతూనే ఉన్నాడు. ఆవిడ అందరినీ పలకరించుకుంటూ వచ్చింది, "ఏటి వొదినా, బాగున్నారా," అంటూ. నాకు నాలుగడుగుల దూరంలో ఆగింది. నా గుండు చూసింది. మీసం లేని నా మొహం చూసింది.

"ఓలమ్మో, ఎవులు పోనారు మావా?" అంది, సంచీ కింద పెడుతూ. "నాకు కబురెట్టలేదేటి?"

ఆవిడ నన్ను చూసింది, వాకిలంతా చూసింది, మళ్ళీ నన్ను చూసింది. సంచీ తిరిగి చేతిలోకి తీసుకుంది.

అప్పుడే లోపల్నుంచి కొండ అమ్మా అని కేక పెట్టి పరుగెత్తింది. నేను దాన్ని రెక్క పట్టుకుని ఆపాను. అది గింజుకుంది, నా చెయ్యి కొరికింది. అందరూ నన్నే చూస్తున్నారు, గోవిందరాజు గుమ్మంలోంచి చూస్తున్నాడు. దాన్ని ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళి తలుపు గడియ పెట్టాను.

సన్యాసమ్మ తలుపు కొట్టలేదు. చాలాసేపు అక్కడే ఉంది. తలుపు కింద సందులో ఆవిడ పాదాలు కనబడుతున్నాయి. లోపల కొండ ఏడుపు విని ఉంటుంది, చెవి పట్టుకుని ఏడిస్తే ఎలా ఏడుస్తుందో ఆవిడకి తెలుసు.

"దానికి సెవిపోటు వొచ్చినట్టున్నాది," అంది బయటి నుంచి. "వెల్లుల్లి ఏసి నూనె ఎచ్చబెట్టు. గోరెచ్చగా ఉండాల మావా, కాలకూడదు. నీ ఏలు ముంచి సూసుకుని ఎయ్యి."

ఆ తర్వాత పాదాలు కనబడలేదు.

కొండ నన్నడిగింది, అమ్మ చచ్చిపోలేదా అని. ఆవిడ మీ అమ్మ కాదన్నాను. అది నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. వెల్లుల్లి నూనె కాచి వేశాను. ఆ రాత్రికి తగ్గింది.

మర్నాటి నుంచి డాకులో నా వీపు మీదికి బస్తాలు ఎక్కాయి. గవరయ్య మరీ సుతారంగా ఎక్కించేవాడు. వానలు మొదలయ్యాయి. నేను తిన్నాను, పడుకున్నాను, పనికెళ్ళాను. సన్యాసమ్మ జ్ఞానప్రసూన పనిచేసే చిన్న నర్సింగ్‌హోములో ఆయాగా చేరిందని తెలిసింది. ఆషాఢంలో ఒక ఆదివారం ఉండబట్టలేక భవానీపూర్ ప్రార్థన దగ్గరికి వెళ్ళాను. మెట్రో గోతిలో నీళ్ళు నిండి రోడ్డంతా బురద. మెట్లు దిగి నన్ను చూసి తనే గొడుగు పట్టుకుని దగ్గరికొచ్చింది. చిక్కిపోయింది. మొదట కొండ సంగతి అడిగింది, ఆ తర్వాతే మిగతాది.

"సర్దారు ఒప్పుకోడే," అన్నాను.

"సర్దారుకి పెల్లాన్నేటి నాను?" అంది. నవ్వింది కూడా. "మావా, నాకు నీమీద కోపం రాలేదనను. మొదట్లో సానా వొచ్చింది. ఆ రోజు బస్సులో నీకు శాపనార్థాలు ఎట్టేను. పాస్టరుగారితో సెప్పి ఏడ్చేను. ఇప్పుడు నేదు. ఎప్పుడు పిలిస్తే అప్పుడు వొస్తాను. హౌరా అవతల ఎక్కడయినా గది సూడు, మనల్ని ఎరగని సోట. నువ్వు నీ దేముడికి మొక్కుకో, నానొద్దనను. నన్ను నా దేముడికి మొక్కుకోనీ."

"దుర్గాపూజల్లోగా సూస్తాను," అన్నాను.

"ఈలోగా కొండని ఒక్కసారి తీసుకురా. దూరంనుంచి సూపించినా సాలు."

తెస్తానన్నాను. తేలేదు. ఎవరైనా చూస్తారేమోనని ఒక వారం, వాన అని ఒక వారం, ఓవర్‌టైం అని ఒక వారం. హౌరా వైపు గది కోసం ఒక్క పూట తిరిగాను. నాకు చేతకాలేదని ఇప్పుడు చెప్పుకోవచ్చు. నిజానికి నా వీపు మీదికి బస్తా ఎక్కించే చేతుల్ని వదులుకోవడం నా వల్ల కాలేదు.

భాద్రపదంలో జ్ఞానప్రసూన డాకు గేటు దగ్గరికే వచ్చింది, నర్సు చీరలోనే. పచ్చకామెర్లు ముదిరి సన్యాసమ్మ తెల్లవారుజామున పోయిందని చెప్పింది. పది రోజులుగా మంచాన ఉందట.

"కబురెట్టలేదేం?" అన్నాను.

"పెడతానన్నాను. వద్దంది," అంది జ్ఞానప్రసూన. "మీరొస్తే మిమ్మల్ని మళ్ళీ బస్తాలు మొయ్యనివ్వరట. లేచి తనే కొండని చూడ్డానికి వెళ్తానంది."

నేను నేరుగా గోవిందరాజు దగ్గరికి వెళ్ళాను. శవాన్ని ఒక్క గంట నా వాకిట్లో పెట్టుకోనివ్వమని అడిగాను. కాళ్ళు పట్టుకున్నాను. ఆయన కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి, అబద్ధం చెప్పను.

"దినం అయిపోయినోలికి మల్లీ పాడె ఏటిరా?" అన్నాడు. "ఒక మనిషికి రెండు సావులుంటాయేటి?"

ఆ సాయంత్రం సమాధుల తోటలో ప్రార్థన మనుషులు పాతికమంది ఉన్నారు. పెట్టెని వాళ్ళే భుజాల మీద మోశారు. నేను వెనకాల నడిచాను, నాకు వెనకాల కొంచెం దూరంలో గవరయ్య నడిచాడు, ఎవరికీ చెప్పకుండా వచ్చాడు. పాటలు పాడారు. అందరూ తలో గుప్పెడు మట్టి వేశారు. జానకిరామ్ పాస్టరు నన్ను పిలిచి, "భర్తగారు ముందుకు రండి," అన్నాడు. భర్త అన్న మాట విని నేను అటూ ఇటూ చూశాను. మట్టి తడిగా ఉంది, చేతికి అంటుకుపోయింది. అప్పుడు ఏడ్చాను. నాలుగు నెలల కిందట దర్భబొమ్మ ముందు రాని ఏడుపు, ఇప్పుడు ఆపుదామన్నా ఆగలేదు.

ఇంటికొచ్చి కొండని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "మీ అమ్మ సచ్చిపోయిందమ్మా," అన్నాను.

అది ఏడవలేదు. నా మొహం జాగ్రత్తగా చూసింది.

"అప్పుడూ అలాగే సెప్పేవు కదా నానా," అంది. "పన్నెండో రోజుకి వొచ్చీసింది కదా."

దాన్ని ఒళ్ళోంచి దింపి బయటికొచ్చేశాను. అప్పుడే నిజం చెప్పకపోవడం మరో తప్పు. మర్నాటి నుంచి పొద్దున్నే లేచి, "నానా, ఇయ్యాల ఎన్నో రోజు?" అని అడిగేది. నేను చెప్పేవాణ్ణి. మూడు. నాలుగు. ఏడు. అమ్మన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని అవతలికి వెళ్ళిపోయేది.

పన్నెండో రోజు బడికి వెళ్ళనంది. తలంటు పోయించుకుని, పిన్నిచేత రెండు జడలు వేయించుకుని, పాత గౌను వద్దని కొత్తది తొడుక్కుని గుమ్మంలో కూర్చుంది. నేనూ పనికి వెళ్ళలేదు. పక్కన కూర్చున్నాను. వాకిట్లో వెళ్ళేవాళ్ళు వస్తున్నారు, చూస్తున్నారు, వెళ్తున్నారు. మూడు దాటింది, నాలుగు దాటింది. ఇంక దాన్ని అలా చూడలేక దాని రెండు చేతులూ పట్టుకుని మొత్తం చెప్పాను.

"కొండా, అప్పుడు నాను అబద్దం సెప్పేను. అప్పుడు మీయమ్మ సచ్చిపోనేదు. భవానీపూర్‌లో ఉండేది. నీకు అబద్దం సెప్పి, తలుపేసి, నానే ఎల్లగొట్టేను. ఇప్పుడు సెప్పింది నిజం. మరింక రాదు."

నేను ఏడుస్తున్నానని చూసి చిన్న చేత్తో నా మొహం తుడిచింది.

"అయితే ఇదీ అబద్దమే అయ్యుంటాది నానా," అంది, నాకు ధైర్యం చెబుతున్నట్టు. మళ్ళీ సందు వైపు తిరిగి కూర్చుంది.